ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు

క్వాక్ బ్యోంగ్దో గారి కుడిచేయి వణుకుతోందన్న సంగతి మోక్‌గోల్ లోయ మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన కోడలు సుయున్. రెండోవాణ్ణి నేను. చావు సామాను అమ్ముకునేవాడికి ఇళ్ళలోని గుట్టు కడుపులో దాచుకోవడం కొత్తేమీ కాదు. కానీ ఈ గుట్టు ఎనిమిది నెలలుగా నాకు తిన్నది అరగనివ్వలేదు, పడుకుంటే నిద్ర పట్టనివ్వలేదు.

బ్యోంగ్దో గారు వయసులో ఉన్నప్పుడు వెల్లుల్లి గోదాములో తూకం వేసేవారు. అది ఆయన బతుకుతెరువు. ఆయన అసలు పని వేరు. నలభై ఏళ్ళుగా మా లోయలో ఎవరింట్లో పెద్దల తిథి వచ్చినా, పోయినవాళ్ళను పిలిచే కాగితం ఆయనే రాయాలి. అరచేయంత వెడల్పున్న తెల్ల కాగితం మీద పై నుంచి కిందికి ఒక్క వరస చైనా అక్షరాలు. దాన్ని పీట మీద నిలబెట్టి, అన్నం, చేపలు, పళ్ళు పెట్టి, గిన్నెలో మద్యం పోసి ఇంటిల్లిపాదీ సాష్టాంగపడతాం. ఆ అక్షరాలను చూసుకుని మా పెద్దలు దారి తప్పకుండా ఇంటికి వస్తారు, తిని వెళతారు. తర్వాత కాగితాన్ని కాల్చేస్తాం.

ఆ అక్షరాలు మాలో ఒక్కడికి చదవడం వస్తే ఒట్టు. బడిలో మేం నేర్చుకున్నది మా కొరియా లిపి. అవి పోయినవాళ్ళు చదువుకుంటారు, బ్యోంగ్దో గారు రాస్తారు, మధ్యలో మనకెందుకని ఊరుకున్నాం. నా దుకాణంలో ఆర్డరు తీసుకోవడం, ఆయన రాశాక ఇంటింటికీ చేర్చడం నా వంతు.

మనిషి మాత్రం చిరచిరలాడే రకం. ఒక్క గీత అటూ ఇటూ అయితే కాగితం చించి పారేసేవారు. తొందరపెడితే, "మీ నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది, ఇంకో గంట ఆగలేడా?" అని కసిరేవారు. భార్య పోయాక ఆ నోరు మరీ పెరిగింది. కొడుకు లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు.

ఆ ఇంటికి ఆరేళ్ళ క్రితం చైనాలోని షాన్‌దోంగ్ నుంచి సుయున్ కోడలిగా వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ పిల్లకు మా భాష ఒక్క ముక్క రాదు, ఆయనకు వాళ్ళ భాష రాదు. మూడో రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల బల్ల మీద ఒలికిన నీళ్ళలో వేలు ముంచి ఒక అక్షరం రాసింది. ముసలాయన చూసి గబుక్కున లేచి, లోపలికి పరిగెత్తి రెండు దుప్పట్లు తెచ్చారు. నేను బిత్తరపోయాను.

"చలేస్తోందని రాసిందిరా!" అన్నారు ఆయన. నలభై ఏళ్ళలో ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

అప్పటి నుంచి పాత క్యాలెండర్ల వెనకవైపు మామాకోడళ్ళు పెన్సిలుతో మాట్లాడుకునేవారు. ఉప్పు ఎక్కడుంది, మీ అమ్మకు ఒంట్లో ఎలా ఉంది, వాన వస్తుందా. ఆ పిల్ల తాత కూడా కొత్త సంవత్సరానికి గుమ్మాలకు అంటించే ఎర్ర కాగితాలు రాసేవాడట. వాళ్ళ దేశంలో ఇప్పుడు ఈ అక్షరాల గీతలు తగ్గించి కురచ చేసుకున్నారు. తాత రాసిన పాత నిండు అక్షరాలు ఇక్కడ మామగారి చేతిలో కనబడేసరికి సుయున్ ఏడ్చిందని విన్నాను. మూడు చలికాలాలు పళ్ళెంలో పిండి పరిచి ఆయన వాటిని నేర్పారు. నాకైతే పక్కన కూర్చుని చూస్తుంటే కుళ్ళు పుట్టేది.

నిరుడు కోతల పున్నమి పండుగకు పదకొండు ఇళ్ళ కాగితాలు రాయాల్సి ఉంది. పొద్దున్నే వెళితే, ఆయన చుట్టూ చింపేసిన కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఆ చేయి ఆయన మాట వినడం లేదు. పదకొండు ఇళ్ళలో వంటలు అయిపోతున్నాయి. సుయున్ మామగారి ముఖం ఒకసారి చూసి కుంచె తీసుకుంది. గంటలో పదకొండూ రాసి ఇచ్చింది. అచ్చం ఆయన రాతే. నేను వాటిని ఇంటింటికీ చేర్చాను. "క్వాక్ గారి చేయి ఇంకా ఎంత గట్టిగా ఉందో!" అన్నారు అందరూ. నేను తలూపాను. ఒక్కసారితో ఆగుతుందనుకున్నాం. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

మే చివర్లో నామ్ వారి పెద్దావిడ తొంభై ఒకటో ఏట కన్నుమూసింది. మా లోయలో నామ్ వాళ్ళదే పెద్ద వంశం. ఊళ్ళో మిగతావాళ్ళలా ఆసుపత్రుల్లో అద్దెకిచ్చే అంత్యక్రియల హాళ్ళు వాళ్ళకు పట్టవు, ఇంటి వాకిట్లోనే అన్నీ జరగాలి. శవపేటిక మీద కప్పే, పోయినవాళ్ళ పేరుండే ఎర్రటి పేరు గుడ్డను రాసేది కూడా బ్యోంగ్దో గారే. తిథి కాగితమైతే తలుపు వేసుకుని రాయవచ్చు. పేరు గుడ్డను చావింటి వాకిట్లో, బంధువులందరి ముందూ రాయాలి.

నేను పడుతూ లేస్తూ వాళ్ళింటికి పరిగెత్తాను.

"జ్వరమని చెబుదాం మామయ్యా," అంది సుయున్.

"మంచంతో సహా మోసుకుపోతారే అమ్మాయ్. వాళ్ళ సంగతి నీకు తెలీదు."

"చేయి విరిగిందని చెబితేనో?" అన్నాను నేను.

"ఎవరు విరగ్గొడతారు, నువ్వా?" అని ముసలాయన నా మీద కళ్ళెర్రజేశారు. తర్వాత గొంతు తగ్గించారు. "నా పరువు పోతే పోనీరా. డెబ్బై ఎనిమిదేళ్ళు వాడుకున్నాను, చాలు. ఈ పిల్లని ఏమంటారోనని నా భయం. పరదేశం ఆడది మన పెద్దల్తో ఆటలాడిందంటారు. ఈ ఊళ్ళో వాళ్ళు దీన్ని పేరు పెట్టి పిలవడానికే నాలుగేళ్ళు పట్టింది. రేపట్నించి ఏమని పిలుస్తారు?"

సుయున్ చాప మీద వేలితో ఏదో రాసి, వెంటనే చెరిపేసింది. ఏం రాశావని ఆయన అడగలేదు.

మర్నాడు పొద్దున నామ్ వారి వాకిట్లో డెబ్బై మంది దాకా ఉన్నారు. ఆవిడ కొడుకు గీచోల్ చావుకు కట్టుకునే జనపనార బట్టల్లో కూర్చుని, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉన్నాడు. పెత్తనమంతా పెద్దావిడ మరిది సంగ్వాన్ గారిది. ఎనభై మూడేళ్ళు. ఆయన దగ్గితే మా లోయ ఉలిక్కిపడుతుంది. చాప మీద రెండు నిలువుల ఎర్ర గుడ్డ పరిచారు. తెల్ల పొడిని జిగురులో కలిపిన గిన్నె పక్కనే ఉంది. సుయున్ వెనకాల వంటవాళ్ళతో కలిసి మాంసం పులుసు గిన్నెల్లోకి పోస్తోంది. ఆ పిల్ల చూపు మాత్రం ఇటే ఉంది.

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "పెద్దయ్యా, మా దుకాణంలో మంచి అచ్చు గుడ్డ ఉంది. బంగారు రంగు. పెద్దాయన్ని ఈ ఎండలో కష్టపెట్టడమెందుకు?"

"అచ్చేసిన గుడ్డ కప్పుకుని పోవడానికి మా వదినేమన్నా సంతలో సరుకా?" అన్నారు సంగ్వాన్ గారు.

బ్యోంగ్దో గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కుంచె తీసి గిన్నెలో ముంచారు. గిన్నె అంచుకు కుంచె కొట్టుకుని టకటక చప్పుడైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆయన కుంచెను గుడ్డ మీదికి తెచ్చారు. ఒక తెల్ల చుక్క టప్పున గుడ్డ అంచు మీద పడింది. ఇంకొక్క చుక్క మధ్యలో పడితే గుడ్డ పాడైనట్టే. అంతకంటే పెద్ద అపచారం మా లోయలో ఇంకోటి లేదు.

ఆయన కుంచెను గిన్నె మీద అడ్డంగా పెట్టేశారు.

"నా చేయి పోయింది," అన్నారు గట్టిగా. "ఇవాళ కాదు, ఎనిమిది నెలలయింది. పున్నమి పండుగ నుంచీ మీ ఇళ్ళకొచ్చిన ప్రతి కాగితం నా కోడలు రాసింది. రాయమన్నది నేను. దాచమన్నది నేను. అనేదేదో నన్నే అనండి."

ఒక్కసారిగా అందరూ అరిచారు.

"మా అమ్మ తిథి నవంబర్లో! అంటే మా అమ్మ..."

"కాగితాలు కాల్చేశాం, ఇప్పుడు చూసుకుందామన్నా లేవు!"

"ఇంటికి తెచ్చిచ్చింది ఈ చావు దుకాణంవాడే! నీకు తెలుసా? తెలుసా లేదా?"

నేను నేలచూపులు చూశాను. మనం పెట్టిన అన్నం తినడానికి మన పెద్దలు వచ్చారా, దారి తెలియక ఎక్కడో తిరుగుతున్నారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవాడు బతికున్నవాళ్ళలో లేడు. ఆ భయం నాకూ ఉంది. ఆ పదకొండు ఇళ్ళలో మా ఇల్లూ ఒకటి.

సుయున్ నడుముకు కట్టుకున్న వంటగుడ్డకు చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా అన్న తిథి డిసెంబర్లో," అన్నారు సంగ్వాన్ గారు. "అది కూడా నువ్వేనా?"

"నేనే పెద్దయ్యా."

"ఏం రాశావ్?"

ఎదురుచూడని ప్రశ్న అది. ఆ పిల్ల తడబడుతూ, మా మాటల్లోకి ఒక్కో అక్షరమే తెచ్చుకుంటూ చెప్పింది. "‘మా తండ్రిగారూ, చదువుకుంటున్నవారూ, మీ ఆత్మ వచ్చి ఇక్కడ కూర్చోవాలి’ అని."

గీచోల్ తలెత్తాడు. "చదువుకుంటున్నవారా? మా నాన్న బడి గడప తొక్కలేదు. వెల్లుల్లి తవ్వుతూ తవ్వుతూ పోయాడు."

"సర్కారు కొలువు చెయ్యని మగాడికి అట్లాగే రాస్తార్రా," అన్నారు బ్యోంగ్దో గారు. "కొలువు లేనివాడు చచ్చేదాకా చదువుకుంటూ ఉన్నట్టే లెక్క. నేను రాసినప్పుడూ అదే ఉంది."

"పన్నెండేళ్ళుగా దండం పెడుతున్నా," అన్నాడు గీచోల్. "ఏం రాసుందో నాకు తెలీదు."

"మీరెవరూ అడగలేదు. నలభై ఏళ్ళలో ఈ పిల్ల ఒక్కతే అడిగింది, ఈయనెవరు, ఎట్లాంటి మనిషి అని. అడక్కుండా ఒక్క కాగితమూ రాయలేదు."

సంగ్వాన్ గారు మెత్తబడలేదు. "రాయడం వస్తే సరా? అవి వాళ్ళ దేశం అక్షరాలు. ఆ దేశం పిల్ల పిలిస్తే మావాళ్ళు పలుకుతారా?"

"మీ తాత ఏ అక్షరాలు దిద్దుకున్నాడు?" బ్యోంగ్దో గారి పాత కోపం తిరిగి వచ్చింది. "మా ముత్తాత పడవ గాలికి కొట్టుకుపోయి జపాన్ ఒడ్డున పడింది. మాట తెలీదు, మనిషి తెలీదు. ఇసుకలో ఇవే అక్షరాల్లో ‘నీళ్ళు’ అని రాశాడు. అక్కడి బెస్తవాడెవడో కడవ మోసుకొచ్చాడు. ఇది ఏ దేశం అక్షరంరా అని వాడు అడిగుంటే నేనసలు పుట్టేవాణ్ణే కాదు! ఈ వాకిట్లో డెబ్బై మందున్నారు. ఈ గుడ్డ మీద ఏం రాయాలో తెలిసింది మా ఇద్దరికే. నా చేయి పోయింది. ఇక మీ ఇష్టం."

ఈ మాటలన్నాక ఆయనకు ఆయాసం వచ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు. ఆ చేతిలో గ్లాసు కుదురుగా నిలబడలేదు.

సంగ్వాన్ గారు ఆ పిల్ల వైపు తిరిగారు. ఆయన ముఖంలో కోపం పోయి, ఎనభై మూడేళ్ళ భయం ఒక్కటే మిగిలింది. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మరి మా అన్న వచ్చాడా ఆ రోజు?"

వచ్చారనేస్తే సరిపోయేది. నేనైతే అలాగే అనేవాణ్ణి, అక్కడే తేలిపోయేది. సుయున్ అబద్ధం ఆడలేదు.

"నాకు తెలీదు పెద్దయ్యా. పిలవడం వరకే నా పని. మా తాతను పిలిచేటప్పుడు ఎట్లా రాస్తానో అట్లాగే రాశాను. మర్యాదగానే పిలిచాను."

సంగ్వాన్ గారు కర్ర పక్కన పడేసి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా గుడ్డ దగ్గర కూలబడ్డారు. గాలికి లేస్తున్న కొసను రెండు చేతులతో నేలకు నొక్కి పట్టారు.

"అన్నను పిలిచింది నువ్వేగా," అన్నారు తల ఎత్తకుండా. "వదినను కూడా నువ్వే సాగనంపు, అమ్మాయ్."

సుయున్ చెప్పులు విడిచి చాప ఎక్కింది.