లుడ్ బావ గెంతు

మా అక్క మొగుడు లుడ్విక్ హ్రిన్యా చర్చి గోపురాలకు రాతిపలకలు వేసే పనివాడు. మా లోయలో ఏ గోపురం కారినా ఆయనే ఎక్కేవాడు. గాలికి ఊగే నిచ్చెన మీద నిలబడి, కింద నేను పోతుంటే నోట్లోంచి మేకులు తీసి మరీ "ఏం మరదలా, ఇవాళ జుట్టు దువ్వుకోలేదా?" అని అరిచేవాడు. అంత ధైర్యం ఉన్న మనిషికి ఈ భూమ్మీద ఒకే ఒక్క భయం, బేస్‌బాల్ బంతి.

పంతొమ్మిదివందల అరవై ఏడులో మా ఊరి మిల్లు జట్టులో ఆయన బెంచీ అరగదీసే ఆటగాడు. ఏడాదంతా పట్టుమని పదిసార్లు బ్యాటు పట్టలేదు. ఖర్మ కాలి ఆఖరి ఆటలో, ఆఖరి ఘడియలో ఆయన వంతు వచ్చింది. పరుగులు సమానం. పరుగులో మజిలీల్లాంటి మూడు బేసుల్లోనూ మావాళ్లే. అవతలివాడు వేసిన బంతి తిన్నగా డొక్కలోకి దూసుకొచ్చింది. కదలకుండా ఆ దెబ్బ తినుంటే చాలు. ఒంటికి బంతి తగిలిన బ్యాటర్‌కి ఊరికే ఒక బేస్ ఇస్తారు, ముందున్నవాళ్లు తలా ఒకటి జరుగుతారు, మూడో బేస్‌లోవాడు బయల్దేరిన చోటికే చేరి పరుగు తెస్తాడు, గెలుపు మాది. మా బావ ఏం చేశాడు? కప్పలా గెంతాడు. ఆ తర్వాతి బంతులకి గాలిని కొట్టి ఔటయ్యాడు. ఆట పొడిగించారు, అందులో మేం ఓడిపోయాం.

ఇక చూడండి, ఊరికి పండగ. మేకులు కొనడానికి వెళ్తే కొట్టువాడు గెంతేవాడు. ఆయన పెళ్లిలో తోడుపెళ్లికొడుకు గెంతాడు. పని మానేసిన రోజున తెచ్చిన కేకు మీద ఆకుపచ్చ క్రీముతో కప్ప! బావ అందరితోపాటు నవ్వేవాడే గానీ, ఆ పూట తిండి సహించేది కాదని మా అక్క బెర్నడెట్ చెప్పేది.

మా ఊళ్లో ఫిబ్రవరి అంటే మోకాళ్లలోతు మంచు, ఇంట్లో కాళ్లకడ్డం పడే మగాళ్లు. వీళ్ల పీడ వదలడానికి చర్చి కింది హాల్లో శనివారం మధ్యాహ్నాలు పాచికల బేస్‌బాల్ పెట్టారు. ఒక్కో ఆటగాడికీ ఒక కార్డు. పాచికలు వేసి, పడ్డ అంకెకి కార్డులో ఏం రాసుంటే అదే జరిగినట్టు. బ్యాటర్ కార్డు చూడాలో, బంతి వేసే పిచర్ కార్డు చూడాలో ఎర్ర పాచిక చెబుతుంది. పాత పేపర్లు తవ్వి ఆ కార్డులు తయారుచేసేది ఎమిల్ ఫెచ్కో. ఉత్తరాలు పంచి రిటైరైనవాడు, అబద్ధమాడమంటే జ్వరం తెచ్చుకునే రకం. ఆ ఏడు ఈయనకో బుద్ధి పుట్టింది. ముప్ఫై ఎనిమిది నాటి మిల్లు జట్టుకీ, అరవై ఏడు నాటి జట్టుకీ ఏడు ఆటల పోటీ! ఒక జట్టు మొత్తం శ్మశానంలో ఉంది, రెండోదాంట్లో మిగిలినవాళ్లు కర్రల సాయంతో నడుస్తున్నారు. అయినా ఊరు ఊరంతా ఊగిపోయింది.

ముప్ఫై ఎనిమిదిని నడిపేవాడు చెస్టర్ ఒరావెక్. ఆ జట్టు పిచర్ వాళ్ల నాన్నే. ఆయన బంతి వేస్తే ఎటు పోతుందో వేసినాయనకే తెలిసేది కాదట. అరవై ఏడుని మా బావ చేతిలో పెట్టారు. బావ మొదటిరోజే తన కార్డు తీసి ఎమిల్ ముందు పడేశాడు.

"ఇది చింపెయ్."

"జట్టులో ఉన్నోణ్ణి తీసెయ్యడం కుదరదు లుడ్."

"అయితే దింపను. చచ్చినా దింపను."

నాతో మాత్రం కాఫీ తాగుతూ అన్నాడు. "ఈ ఒక్కటీ గెలవాలి ఐరీన్. నా సమాధి దగ్గరా ఎవడో గెంతుతాడు, చూస్తుండు." ఎప్పుడూ వెక్కిరించే నేను ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోశానంటే నమ్మండి.

చెరి మూడు ఆటలూ గెలిచారు. ఏడో ఆటకి హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. నేను పిరోగీలు చేసి పట్టుకెళ్లాను. కజ్జికాయల్లా మడిచిన పిండి, లోపల బంగాళదుంప ముద్ద, పైన వెన్నలో వేగిన ఉల్లిపాయ, పళ్లెం నిండా. ఆట అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాను.

ఆఖరి వంతుకి పరుగులు సమానం, బ్యాటు మావాళ్లది. బావ గాభరా మనిషి కదా, తనది తప్ప బెంచీ మీది కార్డులన్నీ ముందే వాడేశాడు. అంతలో మా ఆటగాడొకడికి "కాలు మెలిక, ఇక ఆడడు" అని పడింది. కాగితం మనిషికి కాలు మెలికేమిటో, నా మొహం! వాడి స్థానంలోకి మిగిలిన కార్డు ఒక్కటే. చూస్తూ చూస్తూ ఉండగానే మూడు బేసులూ నిండాయి, ఇద్దరు ఔటయ్యారు, వంతు ఆ కార్డుకే వచ్చింది.

వెనకనించి ఎవడో ధబ్బున గెంతాడు. "కప్పగారు వేంచేస్తున్నారహో!" హాలంతా ఒకటే నవ్వు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. బతికున్న ఆటగాడి కార్డు వస్తే అతనే లేచి, జట్టు టోపీ పెట్టుకుని, తన పాచికలు తనే వేయాలి. అక్క హ్యాండ్‌బ్యాగులోంచి ఆ పాత టోపీ తీసింది. ఏడు ఆటలకీ మోసుకొచ్చిందట, మొగుడికి చెప్పకుండా! బావ దాన్ని పెట్టుకుని, పాచికలు వేశాడు.

"ఎర్రది ఐదు. అంటే చూడాల్సింది పిచర్ కార్డు," అన్నాడు ఎమిల్. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"చదివి చావవయ్యా!" అన్నాను.

"బ్యాటర్‌కి... బంతి తగిలింది."

కుర్చీలు ఎగిరాయి. అక్క నన్ను కావలించుకుంది. చెస్టర్ మాత్రం బల్ల మీద గుద్దాడు.

"ఆగండాగండి! మా నాన్న డొక్కలోకే వేశాడు, కాదన్ను. వీడు నిలబడతాడా? ఊరందరికీ తెల్సు, గెంతుతాడు! గెంతితే ఎక్కడ తగుల్తుంది?"

"కార్డులో ఉన్నదే ఆట," అన్నాడు ఎమిల్.

"కార్డు కాగితంరా బాబూ! గెంతు నిజం!"

హాలు రెండుగా చీలి అరుచుకుంది. ఎమిల్ మొహం చూస్తే జ్వరం వచ్చేట్టే ఉంది. అప్పుడు మా బావ మూలనున్న చీపురుకర్ర అందుకుని గోడ దగ్గరకెళ్లి, బ్యాటులా పట్టుకుని నిలబడ్డాడు.

"వెయ్యి చెస్టర్. ఏదో ఒకటి వెయ్యి. గెంతానా, ఆట నీదే."

చెస్టర్ చుట్టూ చూశాడు. దొంగ సచ్చినాడు, నా పళ్లెంలోంచి పిరోగీ తీశాడు!

"అది కింద పడిందా, నీ చెయ్యి విరగ్గొడతాను!" అని అరిచాను. ఎవరు వింటారు? వాడు అచ్చం వాళ్ల నాన్నలా కాలెత్తి, ఒళ్లు తిప్పి, బలమంతా పెట్టి విసిరాడు. బావ మోకాళ్లు వంగడం నేను చూశాను. అయిపోయింది, గెంతేస్తున్నాడు అనుకున్నాను. అక్క కళ్లు మూసుకుంది.

థప్పుమని డొక్కలో తగిలింది. ఉల్లిపాయ ముక్కలు చొక్కాకి అంటుకున్నాయి, వెన్న బెల్టు దాకా కారింది. మనిషి మాత్రం నిలబడ్డచోటే ఉన్నాడు.

"పరుగు చెల్లింది!" ఎమిల్ గొంతు చిరిగిపోయేలా అరిచాడు. చెస్టర్ నోరు తెరుచుకుని చూసి చూసి, టోపీ తీసి గాల్లోకి విసిరాడు. "ఒరేయ్ లుడ్, మొత్తానికి తిన్నావురా దెబ్బ!"

బావ బేస్‌కి పోలేదు. కర్ర ఇంకా ఎత్తే పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు.

"ఇంకోటి వెయ్యరా!" అన్నాడు.

చెస్టర్ వేశాడు. కొట్టువాడు వేశాడు. అందాకా గెంతుతున్న వెధవలందరూ వరసకట్టి వేశారు. పొద్దున్నుంచీ నడుం పడిపోయేలా చేసిన పిరోగీలన్నీ గోడ పాలయ్యాయి. నేను తిట్టలేదు. పళ్లెంలో ఆఖరిది నేనే తీసుకుని, "బావా, కాస్కో!" అని శక్తికొద్దీ విసిరాను. భుజానికి తగిలింది. మా బావ కదల్లేదు.