కొన్నదాన్ని అమ్ముకోలేని మాస్టారు

చూపు మందగించాక ఎంబ్రాయిడరీ మాస్టారు దుకాణం ఎత్తేద్దామనుకున్నారు. మిషనుతో పాటు, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ డిస్కు కూడా అమ్మకానికి పెట్టారు. జీవితమంతా గీసిన పూలూ తీగలూ అందులోనే తెరుచుకుంటాయి. కొన్నవాళ్లు వాటిని కుడుతూ ఉంటే చాలన్నదే ఆయన ఆశ. వెనక వీధి టైలరమ్మ తీసుకుంటానంది.

నకిలీ సరుకని అనుకుంటారేమోనని ప్రకటనలో డిస్కు మీది నంబరు కూడా వేయించారు. ఆ నంబరు ఆధారంగానే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు వకీలు నోటీసు పంపారు. భార్యే చదివి వినిపించింది. మీరు కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే. అమ్మితే కోర్టుకు లాగుతాం. డిస్కు పాడుచేసి, పాడుచేశానని సంతకం చేసి రాసివ్వండి.

"కొన్న కుర్చీ అమ్ముకోవచ్చు, కొన్న మిషను అమ్ముకోవచ్చు. దీనికేమొచ్చింది?"

"ఆ నంబరెందుకు వేయించారండీ? బిరుదులిస్తారనా?"

"దొంగసరుకు కాదని తెలియొద్దూ?"

"తెలిసింది. దొంగలకి తప్ప అందరికీ నోటీసులొస్తాయనీ తెలిసింది."

తెలిసిన ప్లీడరు నోటీసు తిరగేసి నిట్టూర్చాడు. "న్యాయం మీవైపే ఉండొచ్చు మాస్టారూ. అది తేలేదాకా వాళ్లు వకీళ్లని మారుస్తారు, మీరు చెప్పులరగదీస్తారు."

మాస్టారు సంతకం పెట్టేశారు. డిస్కును భార్య చేత ముక్కలు చేయించారు. కత్తెరకి ఓ పట్టాన లొంగలేదది. రెండు చేతులా నొక్కాల్సి వచ్చింది ఆవిడకి.

టైలరమ్మ మిషను మటుకు తీసుకెళ్లింది. "బెంగపడకండి బాబాయ్, దొంగ కాపీ మావాడు ఊరికే ఎక్కిస్తాడు. మీ డిజైన్లివ్వండి చాలు."

"దొంగ కాపీలో నా పూలు పూయక్కర్లేదమ్మా."

ఆ తరవాత ఆ ఊసే ఎత్తలేదాయన. పాత దిండు గలీబుల మీది కుట్టు వేళ్లతో తడుముకుంటూ కూర్చునేవారు. చలికాలం వెళ్లకముందే ఆయన వెళ్లిపోయారు.

పలకరించడానికి వచ్చిన టైలరమ్మ చీర కొంగు మెలితిప్పింది.

"అడక్కూడదు గానీ పిన్నీ, బాబాయ్ డిజైన్లు కావాలని జనం ఇంకా వస్తున్నారు."

"ఎందులో తెరుస్తావే?"

"అదే... ఆ కాపీలోనే. ఇంతవరకూ నన్నెవరూ ఏమీ అన్లేదు."

ఆవిడ లోపలికెళ్లి, బీరువాలోంచి డిజైన్లున్న పెన్‌డ్రైవ్ తెచ్చింది. ఆయన మాట కాదనడం ఆవిడకి అదే మొదలు. కోప్పడడానికి ఆయన లేరు. టైలరమ్మ అరచేతిలో దాన్ని పెట్టి, వేళ్లు తనే మూసింది.

"పెద్ద తీగకి మలుపు దగ్గర కుట్టు వదులుగా ఉంటుంది. సరిచేస్తా, సరిచేస్తా అంటూనే ఉన్నారు. నువ్వు చూసుకోవే."