చీటీ లేని బిళ్ళలు

జగ్గయ్యపేట మెయిన్ రోడ్డులో మందుల షాపు నడిపే రామకోటేశ్వరరావు ఎవర్నీ నమ్మడు. యాభై నోటు ఇచ్చినా వెలుతురుకి ఎత్తి చూస్తాడు. డాక్టరు చీటీ ఇస్తే అక్షరాల కంటే ముందు, తెచ్చిన మనిషి మొహం చదువుతాడు. మందుల కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చి నవ్వితే ఆ నవ్వు ఎందుకో తేలేదాకా కుర్చీ చూపించడు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని చాటుగా అనుమానాల శెట్టి అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఎవరెవరు అంటారో కూడా అనుమానం ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి ఏనాడూ అనుమానం రాలేదు. మందుల గురించి తనకి తెలియనిది లేదని ఆయన నమ్మకం. తలనొప్పి అన్నవాడికి, కడుపులో మంట అన్నవాడికి, నిద్ర పట్టడం లేదన్నవాడికి చీటీ అడక్కుండానే కత్తెర తీసి బిళ్ళల అట్టలోంచి ముక్క కత్తిరించి చేతిలో పెట్టేవాడు. "డాక్టరు దగ్గరికెళ్తే ఫీజు తీసుకుని ఇదే రాస్తాడు" అనేవాడు. జనానికీ అదే హాయి.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పాలా? ఆ ఇంటి గడప డాక్టరు తొక్కి ఎరగడు. షాపులో కత్తిరించగా మిగిలిన అట్ట ముక్కలు, గడువు దగ్గరపడి ఎవరూ కొననివి, పేరు ఉన్న వైపు పోయి వెనక వైపు మాత్రం మిగిలినవి, అన్నీ నెలకోసారి ఇంటికి తెచ్చి బిస్కెట్ల రేకు డబ్బాలో పోసేవాడు. జ్వరమొచ్చినా, జలుబొచ్చినా అందులోంచే. ఆ డబ్బాలో ఏముందో ఆయన మళ్ళీ చూసిన పాపాన పోలేదు.

తొంభై ఆరులో ఆయన తల్లి పోయింది. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని చాకిరీ చేసింది భార్య తాయారే. ముసలావిడ పోయాక కూడా తాయారు రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేది. ఎవరో పిలిచినట్టుందనేది. కోటేశ్వరరావు డబ్బాలోంచి చిన్న గుండ్రటి బిళ్ళ తీసి, సగం విరిచి ఇచ్చాడు. తాయారు హాయిగా పడుకుంది. మర్నాటికి ఆయన ఆ సంగతి మర్చిపోయాడు.

రెండువేల రెండులో ఒకరోజు పేపర్లో చిన్న వార్త పడింది. అమెరికాలో ఒక రాష్ట్రం కొత్త చట్టం చేసిందట. వైద్యం చదవకపోయినా, మనసు గురించి చదివిన సైకాలజిస్టులు మళ్ళీ శిక్షణ తీసుకుంటే మందులు రాయొచ్చట. ఆ వారమే నందిగామలో మందుల షాపుల వాళ్ళ మీటింగు జరిగింది. ఎవరో ఆ వార్త చదివారు. ఇంకెవరో మన అసెంబ్లీలో కూడా రేపోమాపో బిల్లు పెడతారట అన్నారు. ఆ 'ట' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కోటేశ్వరరావుకి అది చాలు.

"కబుర్లు చెప్పేవాళ్ళు మందులు రాస్తే ఇక మనుషులు బతుకుతారా?" అని ఒంటికాలి మీద లేచాడు. చట్టం వద్దంటూ అందరూ కలిసి రాసిన కాగితం మీద మొదటి సంతకం ఆయనదే. అసలా చట్టం ఉందో లేదో కనుక్కుందామన్న ఆలోచన అంత అనుమానం మనిషికీ రాలేదు, చూడండి.

నందిగామలో అలాంటి సైకాలజిస్టు ఒకాయన ఉన్నాడు. పేరు వరప్రసాదరావు. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, సాయంత్రాలు కోర్టు దగ్గర ఒక మేడ మీద గదిలో కూర్చునేవాడు. విడాకులకి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, పరీక్ష తప్పిన పిల్లలు ఆయన దగ్గరికి వెళ్ళేవారు. వెళ్ళినవాళ్ళు చేతిలో చీటీ లేకుండా మెట్లు దిగేవారు. చీటీ రాయని డాక్టరేంటని నందిగామ కూడా ఆయన్ని అనుమానంగానే చూసేది.

సరిగ్గా అప్పుడే తాయారు నందిగామ వెళ్ళడం మొదలుపెట్టింది. పక్కింటి టీచరు దేవమణి ఆమెని తోడు తీసుకెళ్ళేది. చీరలకని ఒకసారి, దేవమణి చుట్టాలింట్లో ప్రార్థన అని ఒకసారి చెప్పారు. వైశ్యుల ఇంటి ఇల్లాలికి ప్రార్థనతో పనేంటి? కోటేశ్వరరావు కళ్ళలో వత్తులు వేసుకుని చూశాడు. తాయారు ఈమధ్య తూలుతున్నట్టు నడుస్తోంది. అడిగిందే మళ్ళీ అడుగుతోంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా పక్కనే నిలబడి చూస్తోంది. ఒకరోజు షాపుకొచ్చిన ఆటో ఆశీర్వాదం మాటల్లో చెప్పాడు, అమ్మగారిని నందిగామ కోర్టు వీధిలో మేడ దిగుతుంటే చూశానని.

అంతే, లెక్క తేలిపోయింది. చట్టం రాకముందే వరప్రసాదరావు దొంగచాటుగా మందులు ఇస్తున్నాడు. తన పెళ్ళాన్ని మత్తులో ముంచుతున్నాడు. మందుల ఇన్‌స్పెక్టరు చెవిన వేసి ఆ గదికి తాళం పడేదాకా ఊరుకోకూడదనుకున్నాడు. కోపం పైకి కనిపిస్తోంది కానీ, లోపల భయం. తాయారుకి ఏమైనా అయితే తనకెవరున్నారు? ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం షాపు షట్టరు దించి బస్సెక్కాడు. పండగ కాని రోజు ఆ షట్టరు దిగడం వీధిలో వాళ్ళకి వింత.

మేడ మీద గదిలో రెండు కుర్చీలు, బల్ల, మంచినీళ్ళ కూజా ఉన్నాయి. బిళ్ళలు ఎక్కడ దాచాడా అని కోటేశ్వరరావు మూలమూలా చూశాడు.

"రండి కోటేశ్వరరావుగారూ" అన్నాడు వరప్రసాదరావు.

"నా పేరు మీకెలా తెలుసు?"

"తాయారుగారు చెప్పారండి. మా ఆయన ఏదో ఒకరోజు అనుమానంతో వస్తారు, వస్తే దాచకుండా చెప్పండి అన్నారు. మీ చూపు చూసే పోల్చుకున్నా."

కోటేశ్వరరావు కూర్చోలేదు. "మీరు మా ఆవిడకి ఏం బిళ్ళలిస్తున్నారు?"

"నేనిస్తున్నానా? నేను ఇవ్వకూడదండి. ఆవిడ నిద్ర బిళ్ళలు మానలేక నా దగ్గరికొచ్చారు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్నారు. మొదట సగం, తర్వాత ఒకటి, ఇప్పుడు మూడు. ఇస్తున్న డాక్టరెవరో చెప్పండమ్మా, ఆయనతో మాట్లాడతా అంటే చెప్పట్లేదు. మీకైనా తెలుసా?"

"మా ఇంట్లో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళం."

"మరి బిళ్ళలు ఎక్కడివి?"

కోటేశ్వరరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వరప్రసాదరావుకి విషయం అప్పుడే అర్థమైంది. అయినా ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. "ఒక్కసారిగా మాత్రం ఆపించకండి. ఫిట్స్ వస్తాయి. కొద్దికొద్దిగా తగ్గించాలి" అని మాత్రం చెప్పాడు.

బస్సులో వస్తున్నంతసేపూ కోటేశ్వరరావు ఆ మనిషిని అనుమానించడానికి శాయశక్తులా ప్రయత్నించాడు. అబద్ధమాడాడేమో అనుకున్నాడు. దేవమణి నేర్పిందేమో అనుకున్నాడు. ఏదీ నిలబడలేదు.

ఇంటికొచ్చి అలమర మీది రేకు డబ్బా దించి నేల మీద గుమ్మరించాడు. జ్వరం బిళ్ళలు, గ్యాసు బిళ్ళలు కుప్పగా పడ్డాయి. చిన్న గుండ్రటివి ఉన్న ముక్కలన్నీ ఖాళీ. తాయారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇవన్నీ వేసుకున్నావా?"

"మీరే ఇచ్చారుగా."

"ఎప్పుడో సగం ఇచ్చా. రోజూ వేసుకోమన్నానా?"

"మానెయ్యమని కూడా అనలేదుగా. మీరు తెస్తున్నారు, నేను వేసుకుంటున్నా. వేసుకోకపోతే చేతులొణుకుతున్నాయి. మీతో చెప్తే షాపుకి చెడ్డపేరని భయం." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకనిపించింది.

మర్నాడు సాయంత్రం వరప్రసాదరావుకి ఫోన్ చేశాడు. "మీరే రాసివ్వండి సార్. ఎంతెంత తగ్గించాలో రాయండి. బిళ్ళలు నా షాపులోనే ఉన్నాయి, ఎవరడుగుతారు?"

"నేను రాయకూడదండి" అన్నాడు వరప్రసాదరావు.

"చట్టం వస్తుందన్నారుగా."

"నేనైతే వినలేదండి. వచ్చినా ముందు చదువుకోవాలి, తర్వాతే రాయాలి. విజయవాడలో మందులు రాసే మనసు డాక్టరు, సైకియాట్రిస్టు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. మాటలతో చెయ్యాల్సింది నేను చేస్తా."

చట్టం వద్దని సంతకం పెట్టిన చేత్తోనే కోటేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు. రాయగలిగి కూడా రాయనంటున్న మనిషిని ఆయన అదే మొదటిసారి చూడటం.

విజయవాడ డాక్టరు పెద్దాయన. తాయారు చేతులు చాపమన్నాడు, కళ్ళు చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని అడిగాడు. "ఇన్నాళ్ళూ ఇవి ఎవరు రాసిచ్చారమ్మా?"

తాయారు తడుముకోలేదు. "మా ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుగారండీ. పోయారు."

పాతికేళ్ళ కాపురంలో ఆమె చెప్పిన నిజాల్లో సగం ఆయన నమ్మలేదు. ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చుని, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, ఆయన కోసం అబద్ధం చెప్తోంది. కోటేశ్వరరావుకి కళ్ళు మండాయి. డాక్టరు తలూపి రాసుకోబోతున్నాడు. ఊరుకుంటే సరిపోయేది, ఆ గదిలో ఆయన్ని అనుమానించేవాళ్ళు ఎవరూ లేరు.

"పోలేదండి" అన్నాడు. "నేనే ఇచ్చా. చీటీ లేకుండా."

డాక్టరు తలెత్తి, చీటీ తెచ్చినవాళ్ళని కోటేశ్వరరావు చూసినట్టే, ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు.