సముద్రానికి కట్ట లేదు

మా చుట్టాలందరం శామీర్‌పేట నుంచి బస్సు మాట్లాడుకుని సముద్రం చూడడానికి పోయినప్పుడు, వెళ్లే ఊరి చరిత్ర చదువుకుని బయలుదేరింది నేనొక్కదాన్నే. బాపట్ల వైపు చిన్న ఊరు అది. లైబ్రరీ పుస్తకంలో దాని గురించి రెండు పేజీలున్నాయి. ఒకప్పుడు ఓడలు వచ్చేవట, ఉప్పు ఎక్కించుకుని పోయేవట. ఇప్పుడు ఓడలు రావు. ఉప్పు మాత్రం గాలిలో, తలుపు గొళ్లాల మీద, మా పెదాల మీద ధారాళంగా ఉంది. చూడదగినవాటిలో మొదటిది దీపస్తంభం. తాళం వేసి ఉంది. రెండోది పాత ఉప్పు గిడ్డంగి. లోపల మేకలున్నాయి. మూడోది సముద్రం. అది తెరిచే ఉంది.

ఇదంతా డైరీలో రాసుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. మా ఊరి పక్క అలియాబాద్ దగ్గర బస్సు ఆపమని కండక్టర్‌ను అడగలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకాన్ని నేను.

అడిగేవాళ్లూ లేరు. అందరి ధ్యాసా మధ్యాహ్నం కూర మీదే. మా నాయిన శామీర్‌పేట చెరువులో వల విసిరితే దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. ఆ ధీమాతో బస్సెక్కేటప్పుడే ప్రకటించాడు: "కూరగాయలు ఎవ్వరు తేవద్దు. సముద్రంల నేనే చేపలు పడ్త." నమ్మి ముప్పై మందిమి బియ్యం, చింతపండు, నూరిన మసాలా, వండడానికి పెద్ద గంజు మోసుకొచ్చాం. ఒక్క వంకాయ కూడా తేలేదు.

వల వేసేముందు మొక్కాలి. మా దగ్గర కట్టమైసమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది. ఆమెకు కల్లు పోయకుండా మావాళ్లెవరూ నీళ్లలో దిగరు. మా అవ్వ సీసా పట్టుకుని ఒడ్డంతా అటూ ఇటూ చూసింది.

"గీ సముద్రానికి కట్ట ఏదిరా?"

"లేదవ్వా," అన్నాడు నాయిన.

"కట్ట లేకుంటె నీళ్లెట్ల ఆగుతున్నయి?"

నా పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. అవ్వ కాలితో ఇసుక జరిపి జానెడు కట్ట కట్టింది. దాని మీద పసుపు రాసిన రాయి పెట్టి కల్లు పోసింది. అల వచ్చి కట్టనూ, రాయినీ, కల్లునూ, అవ్వ ఎడమకాలి చెప్పునూ తీసుకుపోయింది.

"తల్లి మస్తు జల్దిల ఉన్నది," అంది అవ్వ.

నాయిన మోకాళ్ల లోతు దిగి, చెరువులో వేసినట్టే విసిరాడు. వల గాలిలో గుండ్రంగా, అందంగా విచ్చుకుంది. నీటిని తాకగానే అల దాన్ని మెలిపెట్టి నాయిన కాళ్లకు చుట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి అవ్వ చెప్పు పడింది.

"బావా, పులుసుల చెప్పు మెత్తగ ఉడుకుతదా?" అన్నాడు మా మేనమామ, ఫోన్‌లో వీడియో తీస్తూ.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఆ ఊరి పెద్దామె పగలబడి నవ్వింది. "ఏందయ్యో, చేపలు పడతన్నావా, గుడ్డలు పిండతన్నావా? అల మీద వెయ్యబాక! అది తిరిగిపోయేటప్పుడు వెయ్యి!"

"చెరువుల పుట్టినోన్ని, నాకు నేర్పుతదా," అని గొణిగి నాయిన నాలుగోసారీ అల మీదే వేశాడు. వెనక పొయ్యి రాజుకుంది, గంజులో చింతపండు పులుసు మసులుతోంది. మామ వీడియో మా ఊరి గ్రూపులోకి పోవడానికి సిద్ధంగా ఉంది. నాయిన ఎవరి మొహమూ చూడడం లేదు.

నేను వెళ్లి పెద్దామె పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో మనసులో మూడు రకాలుగా రాసుకుని, చివరికి నాలుగో రకంగా అడిగాను: "ఎట్లెయ్యాలె?" ఆమె నా చున్నీ లాక్కుని దానితోనే చూపించింది. అల విరిగి, నురగ వెనక్కి జారేదాకా ఆగాలి. ఎదురుగా కాదు, కాస్త పక్కకు వెయ్యాలి. పడగానే లాగాలి.

తిరిగొచ్చి నాయినకు చెప్పాను.

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు అనుమానంగా.

"పుస్తకంల ఉన్నది," అన్నాను.

బడికి పోని మా నాయిన పరాయి ఊరి ఆడమనిషి మాట వినడు గానీ, అచ్చులో ఉన్నదాన్ని కాదనడు. నురగ జారేదాకా ఆగాడు. పక్కకు విసిరి లాగాడు. వేలెడంత చేపలు తొమ్మిది వలలో తళతళలాడాయి. ఆ తర్వాత వేసినవాటితో కలిపి ఇరవై దాకా వచ్చాయి.

ముప్పై మందికి ఇరవై చేపలు, మిగతాదంతా పులుసు. ఆకలి మీద అందరూ బాగుందన్నారు. "చెరువు చేప రుచి దీనికేడిది," అంటూ అవ్వ రెండోసారి వడ్డించుకుంది.

అప్పుడే పెద్దామె మా దగ్గరికి వచ్చింది. "చూశావా, నే చెప్పినట్టు ఏస్తే పడ్డాయి! నీ కూతురు తెలివిగల్దయ్యా, ఒక్కసారికే పట్టేసింది," అంది అందరికీ వినబడేలా.

మామ నోటిదాకా పోయిన ముద్ద ఆగిపోయింది. నేను ఇసుకలో తల పెట్టుకోవడానికి చోటు వెతుక్కున్నాను. నాయిన నా దిక్కు చూశాడు, ఆమె దిక్కు చూశాడు. లేచి చేయి కడుక్కుని, ఒక విస్తరి పరిచి, తనకోసం గంజులో ఉంచిన ఆఖరి చేపను అన్నం మీద వేశాడు.

"కూసో అక్కా," అన్నాడు. "మా బిడ్డ పుస్తకంల నీ ఫోటో మంచిగొచ్చింది."