మూడు బండల మధ్య ఊట

ఆఫీసులో ఆమెని అందరూ ‘వెంట్రుకవాసి’ అనేవారు. పటాలు గీసే గదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. ఏ వాగు గీతైనా వెంట్రుకవాసి పక్కకి జరిగిందంటే ఆమెకి నిద్ర పట్టదు. ఒకసారి పై అధికారి సంతకం పెట్టేసిన పటాన్ని వెనక్కి లాక్కుని, ఒక వంపు సరిచేసి, మళ్ళీ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి సంతకం చేశాడు. ఏం చేస్తాడు పాపం, వంపు ఆమె చెప్పిన చోటే ఉంది మరి.

అలాంటి మనిషి, సర్వేయర్లెవరూ చూడని ఊటని పటంలో పెట్టిందంటే ఎవరు నమ్ముతారు? కానీ పెట్టింది. దాన్ని చూసినవాడు ఆమె అన్నయ్య. అంతకుమించిన సాక్ష్యం ఆమెకి అక్కర్లేకపోయింది.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి. ఈ తిండీ నిద్రా ఉద్యోగం కాకుండా మనిషి లోపల ఇంకేముందో చూడాలని. దొరికిన పుస్తకమల్లా చదివారు, చెప్పేవాళ్ళు కనిపిస్తే వెళ్ళి కూర్చున్నారు. కొండల అవతల మౌనంగా బతికే మనుషులున్నారనీ, వాళ్ళ దగ్గరికి కాలినడకన వెళ్ళేవాడికి దారే సగం నేర్పుతుందనీ ఎవరో చెప్పారు. ఇద్దరూ భుజాన వేసుకునే సంచులు కుట్టించుకున్నారు. సరిగ్గా అప్పుడే అమ్మ మంచాన పడింది.

“ఎవరో ఒకరం ఉండాలి చిట్టీ,” అన్నాడు అన్నయ్య. “నాకు మూడేళ్ళివ్వు. నేను చూసొచ్చి అమ్మ దగ్గర కూర్చుంటా. అప్పుడు నువ్వు వెళ్దువుగాని. నేను నడిచిన దారే కాబట్టి నీకు సులువు.”

ఆమె తన సంచి మడతపెట్టి బీరువా పై అరలో పెట్టేసింది. ఏడవలేదు. అన్నయ్య చూస్తే తను చూసినట్టే అనుకుంది.

పదిహేను రోజులకో ఉత్తరం వచ్చేది. ‘నేను ఒకచోట ఉండను. కొండ కింద ఊళ్ళో సత్రం గుమాస్తా ఉన్నాడు, నమ్మకమైన మనిషి. ‘సత్రం గుమాస్తా’ అని పైన రాస్తే చాలు, పైకొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతాడు’ అని మొదటి ఉత్తరంలోనే రాశాడు. ఆమె ప్రతి జవాబు చివరా మర్చిపోకుండా ఒక ముక్క చేర్చేది: ‘ఆ గుమాస్తా గారికి నా నమస్కారాలు చెప్పు. మనకోసం ఎంత శ్రమ పడుతున్నారో.’

ఉత్తరాలు మామూలువి కావు. లోయలో పొగమంచు కమ్మితే ముందు అడుగు తప్ప ఏమీ కనిపించదనీ, మనసుతో కూడా అలాగే నడవాలనీ రాశాడు. శ్వాస వెంట ఎలా వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో రాశాడు. ఆమె రోజూ తెల్లవారుతూనే అమ్మ మంచం పక్కన పీట వేసుకుని అలాగే కూర్చునేది. ఏడాది పాటు కాళ్ళు తిమ్మిరెక్కడం తప్ప ఏమీ జరగలేదు. తర్వాత ఒకరోజు, ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది. తను, అమ్మ దగ్గు, కుళాయి చప్పుడు, అన్నీ ఒకటే అయిపోయాయి. అదంతా అన్నయ్యకి నాలుగు పేజీల నిండా రాసింది.

అమ్మకి ఎదురుగా గోడమీద ఆ కొండల పటం తగిలించింది. రోజూ సాయంత్రం, మంచంలోంచి చెయ్యి చాస్తే అందేలా పటం తెచ్చి పట్టుకునేది.

“ఎంతదాకా వెళ్ళాడే?” అనేది అమ్మ.

ఆమె అమ్మ వేలు పట్టుకుని దారంతా నడిపించేది. ‘తూర్పు వాలులో మూడు బండల మధ్య ఊట కనిపించింది. దోసిలిపట్టి తాగాను. ఇన్నాళ్ళూ వెతికింది దొరికినట్టే ఉంది’ అని ఉత్తరం వచ్చిన రోజు, అక్కడ నీలం సిరాతో చుక్క పెట్టింది. మర్నాడు అదే చుక్క ఆఫీసు పటంలోనూ పెట్టింది. ఉద్యోగంలో చేరాక, నివేదిక లేకుండా ఆమె పెట్టిన చుక్క అదొక్కటే.

ఆ తర్వాత నాలుగు నెలలకి అమ్మ పోయింది. అన్నయ్య రాలేదు. ‘నీ ఉత్తరం నలభై రోజులకి అందింది. మంచు పడి దార్లు మూసుకుపోయాయి. అమ్మ ఎక్కడికీ పోలేదనుకో’ అని రాశాడు. ఆమె అలాగే అనుకోవడానికి ప్రయత్నించింది.

ఇంకో ఎనిమిది నెలలకి ఆఫీసు పటం పట్టుకుని సర్వేయర్లు కొండలకి వెళ్ళారు. తిరిగొచ్చిన సర్వేయరు పెదాలు పగిలి ఉన్నాయి. నేరుగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

“మేడం, మీరు ఊట పెట్టారు కదా అని నీళ్ళు తక్కువ మోసుకెళ్ళాం. మధ్యాహ్నమంతా బండల చుట్టూ తిరిగాం. అక్కడ తడి కూడా లేదు.”

పై అధికారి పిలిచాడు. “ఎవరి నివేదికమ్మా ఇది?”

“మా అన్నయ్యది, సార్.”

“మీ అన్నయ్యది ఏ శాఖ?”

గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. ‘వీళ్ళే వేరే కొండ ఎక్కుంటారు’ అనుకుంది లోపల. అన్నయ్యని అనుమానించడం కంటే కొండని అనుమానించడం ఆమెకి తేలిక.

“కొండ కింద సత్రం గుమాస్తా పుణ్యమా అని బతికాం,” అన్నాడు సర్వేయరు జేబులోంచి చీటీ తీస్తూ. “ఊట సంగతి అడిగితే ఆయన మొహం పాలిపోయింది. ‘అటు వెళ్ళకండి, కింద బావి ఉంది’ అని దారి రాసిచ్చాడు. మేమే ముందు వినలేదు. చివరికి ఆ బావే దిక్కయింది.”

చీటీలో ఉన్నవి మూడే వాక్యాలు. ‘బావి’లో ‘వి’ మీది గుడి చివర కొక్కెంలా వెనక్కి తిరిగి ఉంది. మూడేళ్ళుగా పదిహేను రోజులకోసారి ఆమె కళ్ళకద్దుకున్న రాత అది.

మర్నాడు పొద్దున బస్సెక్కింది. గడియారం చూసుకుంటూనే ఉంది. సరిగ్గా రెండు గంటలు.

సత్రం వసారాలో బల్ల, దాని వెనక మేకులకి వేలాడుతున్న గదుల తాళాలు. బల్ల వెనక అన్నయ్య. కాస్త ఒళ్ళు చేశాడు. ఆమెని చూసి లేవబోయి, కుర్చీలోనే కూలబడ్డాడు.

“గుమాస్తా గారూ,” అంది ఆమె, “నా నమస్కారాలు అందాయా?”

అన్నయ్య చేతిలోని తాళం బల్ల మీద పెట్టాడు. తర్వాత కక్కేశాడు. మొదటిరోజు సగం కొండ ఎక్కాడు. ఆ నిశ్శబ్దానికి భయమేసింది. తిరిగి రావడానికి మొహం చెల్లలేదు. ఇక్కడ పని దొరికింది. దిగొచ్చిన యాత్రికులు చెప్పే కబుర్లన్నీ ఉత్తరాల్లో ఎక్కించాడు. ఆ ఊట కూడా ఎవరో ఇంకేదో కొండ గురించి చెప్పిందే.

“ఒక్క ఉత్తరంతో ఆపేద్దామనుకున్నా చిట్టీ. నువ్వు రాసిన జవాబు చూశాక చెయ్యి ఆగలేదు.”

“మూడేళ్ళు నా చెవిలో పూలు పెట్టావు.”

“కానీ నీకు మేలే జరిగింది కదా! నాలుగు పేజీలు నువ్వే రాశావు. నేను వెళ్ళకపోయినా నువ్వు చేరావుగా. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు...”

ఒక్క క్షణం ఆ మాట ఆమెని పట్టి లాగింది. నిజమే కదా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

“అమ్మ ఆఖరి రోజు మాట పడిపోయే ముందు ఏమడిగిందో తెలుసా? ఎంతదాకా వెళ్ళాడే అని. ఊట దాకా వెళ్ళాడమ్మా, నీళ్ళు తాగాడు అని చెప్పాను. రెండు గంటల దూరంలో తాళాలిస్తూ కూర్చున్నావు నువ్వు.” ఆమె గొంతు పెరిగింది. గది కోసం వచ్చిన ఒక ముసలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. “నాకు అబద్ధం చెప్పావు, సరే. అమ్మకి నా నోటితో చెప్పించావు.”

అన్నయ్య బల్ల మీద తల వాల్చేశాడు. ఆమె ఓదార్చలేదు. వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.

ఆఫీసు పటంలో సిరా గీత తప్పితే బ్లేడు అంచుతో నెమ్మదిగా గీకుతారు. గట్టిగా గీకితే కాగితం లేస్తుంది. ఆమె ఊటని గీకేసి, గరుకుని గోటితో సాపు చేసి, పై అధికారికి ఇచ్చింది. ఆయన సంతకం చేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే అలవాటుగా పీట వేసుకుని కూర్చుంది. శ్వాస ఉత్త గాలిలా వస్తోంది, పోతోంది. పక్కన ఖాళీ మంచం. ఆ బరువు దిగడం నిజంగా జరిగిందో, అది కూడా ఏ యాత్రికుడి కబురో ఇప్పుడామెకి తెలియడం లేదు. కాసేపటికి లేచి, బ్లేడు తెచ్చి, గోడమీది పటం దగ్గరికి వెళ్ళింది.

మూడు బండల మధ్య నీలం చుక్క లేదు. నాలుగు నెలలపాటు అమ్మ రోజూ వేలు పెట్టి తడిమి తడిమి దాన్ని చెరిపేసింది. ఆ చోట కాగితం మాసి, కాస్త పలచబడి ఉంది. అమ్మ పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. గీకడానికి అక్కడ ఏమీ లేక, బ్లేడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.