నేను చెరిపేసిన నా బొమ్మలు

"అమ్మా, నా కాగితాలు నువ్వే ముట్టుకున్నావు!"

"నీ కాగితాలతో నాకేటే పని? బల్ల తుడిచానంతే."

"మరి గీతలన్నీ ఏమైపోయాయి? రేపే బళ్ళో జమా చెయ్యాలి! మేడమ్‌కి ఏం జవాబ్ చెప్పను?"

"తడిగుడ్డ తగిలిందేమోనే..."

"తడిగుడ్డ తగిలితే ఇంత సాఫ్‌గా పోతాయా?"

అరిచేది నా మనవరాలు. నసిగేది నా కోడలు. ఈ హిందీ ఊళ్ళో, గుఢియారీ పేటలో మా ఇంటి నడవలో, వాళ్ళిద్దరి మధ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేను. తల ఎత్తలేదు. ఆ గీతలు చెరిపింది నేనే. ఏళ్ళయింది. ఈ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. నీకే ఎందుకు చెబుతున్నానంటావా? నువ్వు దారిలో కలిసినదానివి, మా ఇంటికి వచ్చేదానివి కాదు కనుక.

అప్పుడు మనవరాలు పదకొండో తరగతి. బళ్ళో డిజైన్ అని కొత్త చదువు. ఇంట్లో ఒకరికి పనికొచ్చే వస్తువు గీయాలట. ముందు ఆ మనిషిని చూసి గీయాలట. తప్పు పోతే చెరపకూడదట, ఎందుకు తప్పో పక్కనే రాయాలట. క్లాసులోకి రబ్బరే తేకూడదట. ఆ తప్పులకే సగం మార్కులట! నేను రెండో తరగతితో ఆగినదాన్ని. పలక మీద ఒక్క అక్షరం వంకరపోతే మా మాష్టారు వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. తప్పుకి మార్కులిచ్చేది ఏం బడి?

అది నన్నే ఎంచుకుంది. నా మోకాళ్ళు ముడుచుకోవు కదా, కత్తిపీట దగ్గర కూర్చోవడానికి నాకొక ఎత్తుపీట. "నానమ్మా, కదలకు" అంటూ రోజూ గీసేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. దళసరి కాగితాలు, చెరిపితే మళ్ళీ పనికొస్తాయి. డబ్బు పోసి కొన్న రబ్బరు ఊరికే పడి ఉంది. పొదుపు కోసమే చెరిపానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పొదుపేనా? కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది కదా, దాన్ని వాడుకోవచ్చని నాకు తెలియదా? తెలుసు. అసలు సంగతి వేరు. ప్రతి కాగితం మీదా నేనే. నడుం వంగి, కాళ్ళు బారజాపి, బియ్యం బస్తా పక్కకి ఒరిగినట్టు. నేను దగ్గితే ఇల్లంతా సర్దుకుంటుంది. అలాంటి నేను ఇలాగా కూర్చునేది? ఆ మేడమ్ చూస్తుంది, క్లాసంతా చూస్తుంది. ముందు వీపు చెరిపాను. తరవాత మిగతాదంతా. పక్కనున్న ఇంగ్లీషు రాతలు నాకెలాగూ రావు, అవీ పోయాయి. పీట ఒక్కటే ఉన్న చివరి బొమ్మ ముచ్చటగా ఉందని ఉంచాను. అదే కొంప ముంచింది. తప్పులేవీ లేకుండా ఒప్పు ఒక్కటే చూపిస్తే ఎక్కడో చూసి దించిందంటారట. పిల్ల ఏడుస్తూ చెబుతుంటే అప్పుడు తెలిసింది నాకు.

చెప్పచ్చు కదా? నోరు తెరవబోయాను. ఈలోగా కోడలు తడిగుడ్డ అనేసింది. నేను చిక్కుడుకాయ అందుకున్నాను.

ఆ చదువులో దానికి రావలసినన్ని మార్కులు రాలేదు. అయినా మా పిల్ల గట్టిది. ఇప్పుడు శంకర్ నగర్‌లో ఒక దుకాణానికి కుర్చీలూ మంచాలూ గీస్తుంది. నలుగురూ చేరితే చాలు, "మా అమ్మ తడిగుడ్డ" కథ మొదలు. అందరూ నవ్వుతారు, కోడలూ నవ్వుతుంది. నేను అందరికన్నా గట్టిగా నవ్వుతాను. కానీ ఆ రోజు నుంచీ కోడలు ఆ బల్లని పొడిగుడ్డతోనే తుడుస్తోంది. అది నేనొక్కదాన్నే చూశాను.

కోడలి ముందు నోరు విప్పుతానా? ఏమో. నీ ముందు విప్పాను, ముల్లు కాస్త కదిలింది.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్న ఏం జరిగిందంటే, ఇంకా పాలు పొంగకముందే పిల్ల కళ్ళు వాచిపోయి నా దగ్గరికొచ్చింది. "నానమ్మా, జల్దీ, మళ్ళీ ఒక్కసారి కూర్చోవా?" కూర్చున్నాను. తల దువ్వుకోలేదు, కొంగు సర్దుకోలేదు. నడుం ఎలా వంగుతుందో అలాగే వంగనిచ్చాను. బడి బస్సు హారన్ కొట్టేదాకా గీసింది. తల్లి అందించిన టిఫిన్ డబ్బా తీసుకుంది కానీ మాట్లాడలేదు. వెళ్ళిపోయింది. నేను మంచం కోడు పట్టుకుని లేచి, ఆ రబ్బరు తీసుకెళ్ళి కందిపప్పు డబ్బాలో అడుగున దాచాను. పారేయలేదు. సగం కూడా అరగలేదు మరి.