రైసూత్ పువ్వుకి కలుపు తీసిన రోజు

2023 సెప్టెంబర్. ఒమాన్‌లో సలాలా పక్కన రైసూత్. అక్కడ ఖరీఫ్ అంటే పంట కాదు, వానకాలం. మిగతా ఏడాదంతా ఎండిపోయి పడుండే సముద్రతీరపు మైదానం ఆ కొద్ది నెలలే పచ్చబడుతుంది. ఒక రోడ్డు పనికి ముందు అక్కడి మొక్కలు సర్వే చేయడం నా డ్యూటీ. వెతగ్గా వెతగ్గా ఒక తెల్లటి అడవిపువ్వు దొరికింది, చిన్న ఉల్లిపాయంత గడ్డ నుంచి లేచే అరుదైన మొక్క. దాని పేరు, చోటు చెప్పను. ఇలాంటివాటిని గడ్డలతో సహా తవ్వుకుపోయే ఘనులుంటారు.

పూసినవి పదకొండే. వాటి చుట్టూ విత్తనాలు రాలి మొలిచిన పిల్లమొక్కలున్నాయి. దీన్ని మేం రిక్రూట్‌మెంట్ అంటాం, అంటే ఆ జాతి అక్కడ తనంతట తాను పెరుగుతోందని రుజువు. పిల్లలుంటే రోడ్డు పక్కకు జరుగుతుంది, లేకపోతే పువ్వుల మీదుగానే పోతుంది. అది తేల్చడానికి తనిఖీ అధికారి వస్తున్నాడు.

కంచె వేయించి, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మల్లయ్యని కాపలా పెట్టాం. ఒంటెలు రాకుండా చూడమన్నాను, అంతే. తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం వెళ్ళి చూస్తే కంచె లోపల పదకొండు పువ్వులు తప్ప గడ్డిపోచ లేదు.

"కలుపు మొత్తం తీసిన మేడం. ఇగ పువ్వులకు బలమొస్తది," అన్నాడు మురిసిపోతూ.

"పీకిందంతా ఎక్కడ వేశావు, మల్లయ్యన్నా?"

"గా మూలకు కుప్ప వోసిన. ఏమైంది?"

"అందులో వీటి పిల్లలున్నాయి. చూడ్డానికి గడ్డిలాగే ఉంటాయి."

"నేను రైతునే మేడం. కలుపనుకొని పైరు పీకిన్నా?"

ఇద్దరం కుప్ప ముందు కూలబడ్డాం. గడ్డికి పీచువేళ్ళుంటాయి, పిల్లమొక్కకి అడుగున బియ్యపు గింజంత గడ్డ ఉంటుంది. ఒకటి చూపించాను. ఆ తర్వాత నాకంటే అతని వేళ్ళే వేగంగా ఆడాయి. దొరికినవాటిని నారు నాటినట్టు నాటుకుంటూ పోయాడు. నలభై మూడు దొరికాయి. జల్లు పడుతున్నా అవి బతుకుతాయన్న నమ్మకం నాకు లేదు. పైగా, వాటంతటవే మొలిచాయని చెప్పేస్తే పోలేదా అనే దొంగబుద్ధి కూడా పుట్టింది.

మర్నాడు అధికారి వంగి చూసి, ఈ మట్టి ఎందుకు కదిలిందని వచ్చీరాని హిందీలో అడిగాడు. నేను రిపోర్టు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాను.

"సాబ్, మైనే నికాలా. మేడంకో కుఛ్ మత్ బోలో," అంటూ, పీకింది తానేనని, నన్నేమీ అనొద్దని మల్లయ్య ముందుకొచ్చాడు. పని పోతుందని అతనికి తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏది పిల్లమొక్కో నేనతనికి చూపించలేదు. తప్పు నాది," అన్నాను అప్పుడు.

అధికారి ఎవరినీ ఏమీ అనలేదు. నాటినవి మళ్ళీ లేస్తాయో లేదో చూద్దామని నిర్ణయం వచ్చే ఖరీఫ్ దాకా ఆపాడు. ఆ ఏడాదంతా బిక్కుబిక్కుమంటూనే గడిచింది. మళ్ళీ వానలొచ్చాక పంతొమ్మిది లేచాయి. రోడ్డు పక్కకు జరిగింది. మల్లయ్య పని నిలబడింది.

ఇప్పుడు ఏ సైట్‌లోనైనా కంచె కంటే ముందు కాపలావాళ్ళని నేలమీద కూర్చోబెట్టి పిల్లమొక్కని చూపిస్తాను. ఆ పువ్వు గురించి నాకు తెలిసినదంతా రిపోర్టులో పేజీలకు పేజీలు రాశాను. దాన్ని కాపాడాల్సిన మనిషికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.